దిమ్యాన్ బాబాయ్‌కి దారి

కైరోలో దేవుడు మనిషికి రెండు కాళ్ళిచ్చాడు, రెండూ ఆక్సిలరేటర్ మీద పెట్టుకోమని. రెండు చేతులిచ్చాడు, ఒకటి హారన్ మీద వెయ్యడానికి, రెండోది ఎదుటివాడికి చూపించడానికి. ఇక స్టీరింగు సంగతంటారా, అది ఆయనే చూసుకుంటాడని అక్కడి షుబ్రా పేట జనానికి గట్టి నమ్మకం.

ఆ షుబ్రాలో ఒక సందు ఉంది. రెండు గాడిదలు ఎదురైతే ఒకటి మొహమాటపడి వెనక్కి తగ్గాల్సినంత సందు. అందులో గోడవారగా ఒక వరస కార్లు, వాటిని ఆనుకుని రెండో వరస కార్లు, మిగిలిన జానెడు జాగాలో జీవితం. రొట్టెల బండివాడు నడిమధ్యన బండాపి, మేడ మీది మరదలితో మామగారి మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడేవాడు. వెనక పది హారన్లు మొత్తుకుంటే, తల తిప్పకుండా అయిదు వేళ్ళూ ముడిచి పైకెత్తి చూపించేవాడు. ‘కాస్త ఓపిక పట్టండ్రా’ అని దానర్థం. మోకాళ్ళయ్యాక నడుం నొప్పి మొదలయ్యేది. టాక్సీవాళ్ళు ఎదురు రాకూడని దారిలో వెనక గేరులో ఎదురొచ్చేవాళ్ళు. ఇదేమిటయ్యా అంటే, “నా మొహం సరైన వైపుకే ఉందిగా! పోలీసు చూసేది మొహాన్నా, వీపునా?” అనేవాళ్ళు. 

ఇంత అరాచకంలోనూ ఆ సందుకి ఒక నీతి ఉంది. రెండో వరసలో బండి పెట్టినవాడు గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు దించేసి పోవాలి. లోపలి వరసవాడికి పని పడితే అడ్డంగా ఉన్న బండిని నలుగురూ పట్టి ముందుకో వెనక్కో తోస్తారు, వాడు బయటపడతాడు. తాళంచెవితో పని లేదు, యజమానితో పని లేదు, తిట్లు ఎవరి ఓపికని బట్టి వారివి. అక్కడ కార్లన్నీ తటస్థంగా ఉంటాయి, మనుషులే ఉండరు. పొద్దున మంగలి కొట్టు ముందు పెట్టిన కారు సాయంత్రానికి మంత్రసాని ఇంటి ముందు తేలినా ఎవరూ ఏమీ అనుకోరు. మామూలు ఊళ్ళలో తోపు అంటే గొప్పవాడు. షుబ్రాలో తోపు అంటే తోసేవాడు, అంతే.

ఆ నీతిని ఖాతరు చెయ్యనివాడు సందు మొత్తానికి ఒక్కడే. కళ్ళజోళ్ళ బహ్‌గత్.

బహ్‌గత్‌కి యాభై దాటాయి, గొంతు మాత్రం ఇంకా ఇరవైలోనే ఉంది. ఊరందరి చూపూ సరిచేసి పంపే మనిషి, తన కారు అవతల ఎవడు ఇరుక్కున్నాడో మాత్రం చూసేవాడు కాదు. తన పాత తెల్లకారుని సరిగ్గా తన మేడ గుమ్మం ఎదురుగా, లోపలి వరసని మూసేస్తూ ఆపేవాడు. గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకుని కర్రుమని కడదాకా లాగి, తాళం వేసుకుని మెట్లెక్కిపోయేవాడు.

సందులో బళ్ళు సర్దే ఫంగరీకి అది చూస్తే ఒళ్ళు మండేది. మెడలో ఈల, భుజాన తడిగుడ్డ, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు, ఇదీ ఫంగరీ.

“పాషా, బ్రేకు దించి పోతే నీ సొమ్మేం పోయింది? ఈ కారు చూస్తే పెళ్ళికూతురు, తోస్తే పాతిన గుంజ!” అనేవాడు. పాషా అంటే అక్కడ ‘దొరా’ అన్నట్టు.

“పెళ్ళికూతుర్ని తోస్తారట్రా ఎవరైనా? తొయ్యడం నీ వృత్తి, తొయ్యనివ్వకపోవడం నా ప్రవృత్తి. పో, పోయి ఆ ఈల ఊదుకో,” అనేవాడు బహ్‌గత్.

అది వట్టి పొగరు కాదు. అతని భార్య ఇన్‌షిరాహ్‌కి మూత్రపిండాలు పాడయి రెండేళ్ళయింది. వారానికి మూడు మధ్యాహ్నాలు ఆస్పత్రికి పోయి, డయాలసిస్ యంత్రం పక్కన నాలుగేసి గంటలు పడుకోవాలి. వేళ తప్పితే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. ఒకసారి తప్పితే కాళ్ళూ మొహం ఉబ్బుతాయి, రెండుసార్లు తప్పితే ఊపిరి అందదు. మొదట్లో బహ్‌గత్ కూడా అందరిలాగే బ్రేకు దించే పోయేవాడు. ఒక రోజు వాళ్ళు తోసి వీళ్ళు తోసి కారు సందు చివరికి చేరింది. అక్కడిదాకా నడవబోయి ఇన్‌షిరాహ్ పడిపోయింది. పడడం కూడా యంత్రం సూదులు గుచ్చే చేతి మీదే పడింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా వంకాయ రంగు తిరిగింది. ఆ రోజు లాగిన బ్రేకు బహ్‌గత్ మళ్ళీ దించలేదు. సందుకి అతని బ్రేకు కనిపించేది గాని, ఆవిడ చెయ్యి కనిపించేది కాదు.

ఆ బ్రేకు వల్ల అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డవాడు దిమ్యాన్ బాబాయ్.

ఆయనది అదే మేడలో కింది వాటా. టెలిఫోను తీగలు లాగి లాగి రిటైరైన పెద్దమనిషి. బతుకంతా తీగలు సాగదీశాడు గాని మాట ఏనాడూ సాగదియ్యలేదు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక చిన్న ఆకుపచ్చ కారు. దాని చోటు లోపలి వరసలో, గుమ్మం పక్కన. అంటే రోజూ బహ్‌గత్ కారు చెరలో. చర్చికి పోవాలన్నా, మందులకి పోవాలన్నా, ఆ ఆకుపచ్చ కారులో కూర్చుని హారన్ ఒక్కసారి కొట్టి, తప్పు చేసినవాడిలా పైకి చూసేవాడు. బహ్‌గత్ తన తీరిక చూసుకుని దిగేవాడు.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం బహ్‌గత్ కుందేలు మాంసంతో ములూఖియా ఆకు పులుసు తింటున్నాడు. కింద హారన్ మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది.

“దిమ్యాన్ బాబాయ్ లాగుంది. పోయి తీసిరా,” అంది ఇన్‌షిరాహ్.

“ఆయనకి హారన్ అలవాటు, నాకు అన్నం అలవాటు. ఎవరి అలవాటు వాళ్ళది. ఈ గిన్నె ఖాళీ చేసి పోతా.”

“రోజూ రెండుసార్లు కొట్టడు ఆయన.”

“ఇవాళ ముసలాయనకి హుషారొచ్చింది కాబోలు.”

హారన్ ఇంకోసారి మోగి ఆగిపోయింది. ఆగింది గదా అని బహ్‌గత్ ఇంకో రొట్టె తుంచాడు.

చెయ్యి తుడుచుకుంటూ దిగేసరికి సందులో మగాళ్ళంతా అతని కారు చుట్టూ ఉన్నారు. వంగి, పళ్ళు బిగించి, చెప్పులు జారిపోతుంటే తోస్తున్నారు. కారు కదలడం లేదు. ఫంగరీ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. లోపలి వరసలో ఆకుపచ్చ కారులో దిమ్యాన్ బాబాయ్ టోపీ పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. గుండె పట్టేస్తే ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, తనే ఆస్పత్రికి పోదామనుకున్నాడు పాపం. బహ్‌గత్ తాళం తీసి, గేరు తీసి, బ్రేకు దించాడు. కారు చటుక్కున కదిలింది. అప్పటికి కదలాల్సిన మనిషి కదలడం మానేశాడు.

ఎవరూ తిట్టలేదు.

రొట్టెల బండివాడు తిట్టలేదు, టాక్సీవాళ్ళు తిట్టలేదు, నోట్లో గింజ పడితే తప్ప తిట్టు ఆగని ఫంగరీ తిట్టలేదు. బహ్‌గత్ ఎదురుపడితే జనం పక్కకి జరిగి దారి ఇచ్చేవాళ్ళు. కైరోలో దారి ఇవ్వడం కన్నా పెద్ద తిట్టు ఇంకొకటి లేదని అతనికి అప్పుడే తెలిసింది. 

దిమ్యాన్ బాబాయ్ మేనకోడలు వచ్చి ఆకుపచ్చ కారుకి గుడ్డ ముసుగు తొడిగి, తాళాలు పట్టుకుపోయింది. చక్రాల్లో గాలి మెల్లగా దిగిపోయింది. బహ్‌గత్ ఆలోచించాడు. వారానికి మూడు మధ్యాహ్నాలు తప్పవు. భార్య నడవలేదు. గుమ్మం ముందు ఇంకో చోటు లేదు. చనిపోయినవాడి కారు ఎక్కడికి పోతుంది గనక? మళ్ళీ అక్కడే పెట్టాడు. మళ్ళీ కర్రుమని బ్రేకు లాగాడు.

దిమ్యాన్ బాబాయ్ పోయిన నలభయ్యో రోజున చర్చిలో ప్రార్థన జరిగిన మర్నాడు మధ్యాహ్నం, భోంచేసి దిగితే, అతని కారు పెట్టిన చోట లేదు. ఒక కారు పొడవు ముందుకి జరిగి ఉంది. సరిగ్గా ఆకుపచ్చ కారు బయటికి రావడానికి ఎంత కావాలో అంత. లోపల చూస్తే గేరు గేరులోనే ఉంది, బ్రేకు బ్రేకులోనే ఉంది. వెనక చక్రాల దగ్గర్నుంచి రోడ్డు మీద రెండు నల్లటి చారలు, కాటుక వేలితో గీసినట్టు.

“ఒరేయ్ ఫంగరీ! ఎవడ్రా ఈడ్చింది?”

ఫంగరీ గింజలు నమలడం ఆపాడు. చారల వైపు చూసి, పొట్టు ఊసి, మెల్లిగా అన్నాడు. “పాషా, బ్రేకు పడి ఉంటే నీ బండిని ఎవరు తొయ్యగలరు? ఆ రోజు అందరం తోశాంగా. చూశావుగా.”

“మరి దానంతటది నడిచిందా?”

“నడవలేదు పాషా. నడిస్తే చక్రాలు తిరుగుతాయి. ఇవి తిరగలా.”

బహ్‌గత్ నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. నవ్వాక చూస్తే సందులో అతనొక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత అది జరగని రోజు లేదు. అతను గుమ్మం ముందు పెట్టడం, భోజనం వేళకి కారు ముందుకు జరగడం. మొదట ఒక కారు పొడవు, తర్వాత ఇస్త్రీ కొట్టు దాకా, ఆ తర్వాత జనపనార గోతాల కొట్టు దాకా. సందు చివర పెద్ద రోడ్డు. అక్కడ మైక్రోబస్సులు పరలోకానికి పాసింజర్లు దొరుకుతారేమోనన్నట్టు పరిగెత్తుతాయి. చారలు ఆ వైపుకే సాగుతున్నాయి. డయాలసిస్ రోజుల్లో ఇన్‌షిరాహ్ గోడ పట్టుకుని, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగి, నడుస్తోంది. ఒక రోజు ఆస్పత్రికి చేరేసరికి మంచం పోయింది. సాయంత్రందాకా వసారాలో కూర్చుని, ఇంకొకరు దిగాక సగం వేళే యంత్రం పెట్టించుకుని వచ్చింది. ఆ రాత్రి ఆమె పడుకోలేక దిళ్ళకి ఆనుకుని కూర్చుంది.

మర్నాడు బహ్‌గత్ చక్రాల కింద ఇటుకలు పెట్టాడు. ఇటుకలు కూడా కారుతోపాటే ఈడ్చుకుపోయి, అరిగి సబ్బుబిళ్ళలయ్యాయి. ఇనప గొలుసు కొని కారుని దీపస్తంభానికి కట్టి రెండు తాళాలు వేశాడు. భోంచేసి దిగేసరికి తాళాలు వేసినట్టే ఉన్నాయి, గొలుసు తెగలేదు. కాకపోతే స్తంభానికీ లేదు, కారుకీ లేదు. ఆకుపచ్చ కారు ముసుగు మీద పెట్టి ఉంది. ఊరికే పడేసి లేదు. టెలిఫోను వాళ్ళు మిగిలిన తీగని మడత పడకుండా ఎనిమిది అంకెలాగా చుడతారే, అలా పొందిగ్గా చుట్టి ఉంది.

బహ్‌గత్ దాన్ని తాకలేదు.

“మధ్యాహ్నం పూట కిటికీ కింద ఎవరో ఆయాసపడుతున్నారు,” అంది ఇన్‌షిరాహ్ ఆ సాయంత్రం. కాళ్ళు దుప్పట్లో దాచుకుని గోడవైపు చూస్తూ అంది. 

“గాలి.”

“గాలికి దగ్గొస్తుందా? ఓ మనిషీ, నా మాట విను. ఆ బ్రేకు దించెయ్యి.”

“దించితే? మళ్ళీ కారుని సందు చివరికి తోస్తారు. మళ్ళీ నువ్వు పడతావు. నీ చెయ్యి ఏమయిందో మర్చిపోయావా?”

“ఇప్పుడు మాత్రం చివరికి పోవట్లేదా?”

బహ్‌గత్ లేచి కిటికీ రెక్కలు దగ్గరికి లాగాడు.

మర్నాడు అన్నం మానేసి వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్నాడు, కన్ను మూస్తే ఒట్టు అనుకుని. మధ్యాహ్నమైంది. ముందుగా హారన్లు ఆగాయి. షుబ్రాలో హారన్లు ఆగడమంటే సముద్రంలో అలలు ఆగడం. ఇస్త్రీవాడు పెట్టె దించి లోపలికి పోయాడు. రొట్టెల బండివాడు మరదలికి సగం మాట చెప్పి బండి తీసేశాడు. ఫంగరీ గోడకి ఆనుకుని తల వంచుకున్నాడు. అందరికీ ఆ వేళ తెలుసు. అందరూ రోజూ అలాగే చేస్తున్నారు. తెలియనిది రోజూ ఆ వేళ అన్నం తింటూ కూర్చునే బహ్‌గత్‌కి ఒక్కడికే.

కారు కదిలింది. చక్రాలు తిరగలేదు. రబ్బరు రోడ్డుని గీరుకుంటూ ఏడ్చినట్టు మోగింది. వెనక మనిషి లేడు. జానెడు జరిగి ఆగింది. ఆగిన చోట నుంచి, ముసలివాడు అలిసిపోయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంటున్నట్టు ఒక చప్పుడు. మళ్ళీ జానెడు.

బహ్‌గత్ కిందికి పరిగెత్తి ఫంగరీ చొక్కా పట్టుకున్నాడు. “రోజూ చూస్తూ నోరు మూసుక్కూర్చున్నావట్రా?”

“ఏం చెప్పమంటావు పాషా? ఆ రోజు నీ డిక్కీ మీద నా అరచేతులున్నాయి. ఎంత తోసినా నా కాళ్ళే వెనక్కి జారాయి. ఇప్పటికీ నిద్రలో జారుతుంటాయి.” ఫంగరీ అతని చెయ్యి విడిపించుకున్నాడు. “నేను ఒక్కపూట తోసి వదిలేశా. ఆయన ఇంకా వదల్లేదు. దారి అడుగుతున్నాడు, అంతేగా. బ్రేకు దించు.”

“దించితే నా భార్యని ఎవరు మోస్తారు, మీ నాన్నా?”

“మా నాన్న పోయాడు పాషా. ఆయన్నీ అడగమంటావా?”

మరో వేళైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు.

డయాలసిస్ రోజు వచ్చింది, ఖమ్సీన్ గాలినీ వెంటబెట్టుకుని. ఎడారి లేచొచ్చి ఊరి మీద కూర్చుంది. పట్టపగలే పసుపు చీకటి. ఎదుటి మేడ కనిపించదు, పళ్ళ మధ్య ఇసుక. అంతకు ముందు రోజే ఇన్‌షిరాహ్ మొహం ఉబ్బిపోయి ఉంది. ఈసారి తప్పితే ఇంటికి కాదు, ఇంకెక్కడికో తీసుకుపోవాల్సి ఉంటుందని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. 

బహ్‌గత్ పొద్దుటి నుంచీ కారులోనే కూర్చుని కాపలా కాశాడు. వేళ కాకముందే ఫంగరీని పిలిచి, ఇద్దరూ కుర్చీలో ఇన్‌షిరాహ్‌ని దించి ముందు సీట్లో కూర్చోబెట్టారు. బహ్‌గత్ ఊపిరి పీల్చుకున్నాడు. గెలిచాననుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఉన్ని దుప్పటి. యంత్రం గదిలో రక్తం బయటికెళ్ళి లోపలికొచ్చేసరికి ఆమెకి వణుకు పుడుతుంది.

“వద్దులే, పోదాం పద,” అంది ఆమె.

“ఒక్క నిమిషం. మనిషి కూర్చుని ఉంటే ఎవడూ తొయ్యడు.” అలవాటైన చెయ్యి గేరు వేసింది. అలవాటైన చెయ్యి బ్రేకుని కడదాకా లాగింది.

దుప్పటి చేతికందేసరికి హారన్లు ఆగిపోయాయి.

వరండాలోకి ఉరికాడు. పసుపు దుమ్ములో తెల్లకారు జరుగుతోంది. రోజూలా జానెడు జానెడు కాదు. ఆగకుండా, ఒకే ఈడ్పుగా, రబ్బరు కీచుమంటూ. అన్ని రోజులు కూడబెట్టుకున్న బలమంతా ఈ పూటకే అన్నట్టు. వెనక అద్దంలోంచి ఇన్‌షిరాహ్ తల కనిపించింది, కదలకుండా.

“బాబాయ్! దిమ్యాన్ బాబాయ్! ఆగు! లోపల మనిషుంది!” ఇరవయ్యేళ్ళ గొంతు సందంతా మోగింది. ఇసుక దాన్ని మింగేసింది.

మెట్లు ఎలా దిగాడో అతనికి తెలీదు. సందులోకి వచ్చేసరికి కారు గోతాల కొట్టు దాటింది. గుమ్మాల్లో జనం నిలబడి ఉన్నారు, ఒక్కరూ కదలడం లేదు. సందు చివర దుమ్ము వెనకాల మైక్రోబస్సులు కనబడకుండా దూసుకుపోతున్న హోరు. కారు ముక్కు ఆ హోరు వైపుకే పోతోంది. బహ్‌గత్ పరిగెత్తి కారు వెనకకి చేరాడు. అక్కడ గాలి చల్లగా, తడిగా ఉంది. ఎవరో చెవి పక్కనే ఈల వేసినట్టు ఊపిరి లాగుతున్నారు. అతను పక్కకి తప్పుకుని కిటికీ అద్దం మీద కొట్టాడు.

“ఇన్‌షిరాహ్! బ్రేకు పట్టుకో! వదలకు! వదిలావంటే రోడ్డు మీదకి పోతావు!”

ఆమె అతని వైపు చూసింది. తర్వాత వెనక్కి, డిక్కీ వైపు చూసింది. ఏదో వింటున్నదానిలా తల వంచింది. ఏనాడూ బండి నడపని మనిషి, గేరు కర్రని మధ్యకి తోసి, వాచిన రెండు చేతులతో బ్రేకు దించేసింది.

కీచు ఆగిపోయింది.

బహ్‌గత్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే కారు ముందుకి దూకలేదు. చక్రాలు తిరుగుతున్నాయి. షుబ్రాలో పక్కింటివాడి బండిని తోసేటప్పుడు కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పుతారే, అలా మెత్తగా పక్కకి తిరిగి, సందు మొగలో గోడవారకి చేరి, రాయికి కూడా తగలకుండా నిలబడింది. దారి కావాల్సినవాడు దారి చేసుకుంటాడు గాని, ఎవరినీ దారిలో పారెయ్యడు.

సందు మధ్య ఖాళీ అయింది. ఎవరూ చెప్పకుండానే జనమంతా గోడలకి అతుక్కున్నారు. ఇస్త్రీవాడు టోపీ తీశాడు. ఫంగరీ ఈలని గుప్పిట్లో మూసేశాడు. బహ్‌గత్ ఒక్కడే నడిమధ్యన నిలబడి ఉన్నాడు. జనంలో ఎవరైనా తోసుకుపోతూ భుజం తగిలితే ‘క్షమించు నాయనా’ అంటారే, ఆ మాత్రం తగిలింది అతని భుజానికి. అంతే. ఆ వెనకే సందు మొదట్లో ఒక హారన్ మోగింది, ఇంకొకటి మోగింది, రొట్టెల బండివాడిని ఎవడో తిట్టాడు.

బహ్‌గత్ కారు తలుపు తీశాడు.

“వదలొద్దని చెప్పానా?”

“ఆ ఊపిరి వినలేకపోయాను,” అంది ఇన్‌షిరాహ్. “ముసలాయన ఎంత అవస్థ పడుతున్నాడో. నాకు తెలుసు అది ఎలా ఉంటుందో.”

“పోయాడా?”

“పోయాడు. నువ్వే అడ్డంగా నిలబడ్డావు. పక్కనించి పోయాడు.” ఆమె చెయ్యి చాపింది. “దుప్పటి ఇటివ్వు. వేళవుతోంది, పద.”

ఆస్పత్రికి వేళకే చేరారు. మంచం ఆమె కోసమే ఉంది. ఆమెని లోపలికి అప్పగించి, తలుపు దగ్గర అడ్డంగా వదిలేసిన కారు తియ్యడానికి బహ్‌గత్ మళ్ళీ బయటికొచ్చాడు. ఆస్పత్రి వీధిలో ఒక వరస నిండి, రెండో వరస నిండుతోంది. దొరికిన చోటు రెండో వరసలోనే. లోపలి వరసలో ఎవరిదో నీలం కారు, వెనక సీట్లో చిన్నపిల్లల పరుపు ఒకటి చుట్టి పెట్టి ఉంది. ఇంజను ఆపాడు. చెయ్యి బ్రేకు మీదకి దానంతటదే వెళ్ళింది. అక్కడే కాసేపుంది. ఎంత దూరం తోస్తారో. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె ఎంత దూరం నడవాలో. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గేరు తీసి, తాళం వేసి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు.

యంత్రం తన పని తాను చేసుకుంటోంది. ఎర్రటి గొట్టాలు మెల్లగా తిరుగుతున్నాయి. ఇన్‌షిరాహ్ దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. కిటికీ అవతల వీధి గోల. కాసేపటికి ఆ గోలలోంచి మగాళ్ళ గొంతులు లేచాయి, “హేలా... హోబ్! హేలా... హోబ్!” అని, ఏదో బండిని తోస్తూ.

బహ్‌గత్ కుర్చీలోంచి సగం లేచాడు.

ఇన్‌షిరాహ్ కళ్ళు తెరవకుండానే అడిగింది. “ఈడ్చిన చప్పుడు వినబడిందా?”

అతను చెవి ఒగ్గి విన్నాడు. హారన్లున్నాయి, తిట్లున్నాయి, పొడి ఇసుక అద్దానికి తగిలే చప్పుడుంది.

“లేదు.”

“మరింకేం? కూర్చో.”

బహ్‌గత్ కూర్చున్నాడు.